ధరల లెక్కలో కష్టం సాధించడంలో లేదు, సమీకరణం రాయడంలో ఉంది

పెద్దల టికెట్లు రెండు, పిల్లల టికెట్లు మూడు కొంటే మొత్తం 480 అయింది. ఒక్కో టికెట్ ధర ఎంత?

ప్రశ్న వినగానే చాలామంది పెన్ను అందుకుంటారు. కానీ ఇంతవరకు చెప్పినదానితో జవాబు తేలదు. పెద్దల టికెట్ 150, పిల్లల టికెట్ 60 అయి ఉండొచ్చు. 120, 80 అయినా సరిపోతుంది. 90, 100 అనుకున్నా మొత్తం 480కే వస్తుంది. పిల్లల టికెట్టే ఎక్కువ ఖరీదు కావడం వింతగా ఉంటుంది గానీ, లెక్కకు ఆ సంగతి తెలియదు. పిల్లలకు ఉచితం, పెద్దలకు 240 అన్నా కుదురుతుంది. (ఏ కరెన్సీ అయినా లెక్క ఒకటే కాబట్టి అంకెలు మాత్రమే రాస్తున్నాను.)

ఇప్పుడు ఇంకో సమాచారం చేరుద్దాం. అదే చోట వేరొకరు పెద్దల టికెట్లు నాలుగు, పిల్లల టికెట్ ఒకటి కొని 660 ఇచ్చారు. పైన అనుకున్న జంటల్ని ఒక్కొక్కటిగా ఇందులో పెట్టి చూడండి. 120, 80 అయితే 560 వస్తుంది. 90, 100 అయితే 460. 240, సున్నా అయితే 960. 150, 60 పెడితేనే సరిగ్గా 660. మొదటి బిల్లు ఎన్నో జంటలకు చోటిచ్చింది, రెండో బిల్లు వాటిలో ఒక్కదాన్నే మిగిల్చింది. గ్రాఫు గీస్తే మొదటి బిల్లుకు నప్పే జంటలన్నీ ఒక సరళరేఖ మీద, రెండో బిల్లుకు నప్పేవన్నీ ఇంకో సరళరేఖ మీద పడతాయి. ఆ రెండు గీతలు కలిసే బిందువే జవాబు. రేఖీయ సమీకరణాల జత అని పాఠ్యపుస్తకాలు పిలిచేది దీన్నే.

ప్రతిక్షేపణ పద్ధతి, తొలగించే పద్ధతి, అడ్డగుణకార పద్ధతి అంటూ సాధించే దారులకు మనం చాలా సమయం ఇస్తాం. అవి అవసరమే. అయితే ఆ పని ఇప్పుడు ఫోన్‌లోని యాప్ కూడా క్షణంలో చేసేస్తుంది. మాటల్లో ఉన్న బేరాన్ని సమీకరణంగా రాయడం, వచ్చిన సమాధానం నిజంగా ఏం చెబుతోందో చూడడం మాత్రం మనమే చేయాలి. ధరల లెక్కల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ రెండు చోట్లే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటికే కేటాయిస్తున్నాను.

అక్షరం దేనికి గుర్తు?

భాస్కరాచార్యులు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో తెలియని రాశులకు రంగుల పేర్లు కనిపిస్తాయి. మొదటి తెలియని రాశి పేరు యావత్తావత్, అంటే 'ఎంతైతే అంత'. తర్వాతవి కాలకం, నీలకం, పీతకం, అంటే నలుపు, నీలం, పసుపు. రాసేటప్పుడు యా, కా, నీ అని మొదటి అక్షరాలే వాడేవారు. నేనూ ఇక్కడ యా, కా, నీ అనే రాస్తాను. పాత పద్ధతి మీద మోజుతో కాదు, దీనివల్ల ఒక పెద్ద తప్పు తప్పుతుంది.

పెద్దల టికెట్‌కు 'పె', పిల్లల టికెట్‌కు 'పి' అని పెట్టుకుంటే 2పె + 3పి = 480 అని రాస్తాం. సమీకరణం సరైనదే. కానీ దాన్ని చదివేటప్పుడు 'రెండు పెద్దల టికెట్లు, మూడు పిల్లల టికెట్లు' అని మనసు చదువుకుంటుంది. అంటే 'పె' అనే అక్షరం ఒక సంఖ్యగా కాక ఆ వస్తువు పేరుకు పొట్టి రూపంగా మారిపోతుంది. ఈ లెక్కలో అదృష్టవశాత్తు అది ఇబ్బంది పెట్టదు. పోలిక మాటలు వచ్చిన లెక్కలో మాత్రం నిలువునా ముంచుతుంది.

దీన్ని అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1980ల తొలినాళ్లలో పరీక్షించి చూపించారు. 'ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల సంఖ్యకు ఆరు రెట్లు విద్యార్థులు ఉన్నారు. దీన్ని సమీకరణంగా రాయండి' అని ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులను అడిగారు. మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువమంది చేసిన తప్పు కూడా ఒకటే: ఆరును విద్యార్థుల పక్కన పెట్టి, 6వి = ప్రొ అన్నారు. 'ఆరుగురు విద్యార్థులకు ఒక ప్రొఫెసర్' అనే మాటను అక్షరాల్లో దించేశారు. పది మంది ప్రొఫెసర్లు, అరవై మంది విద్యార్థులు ఉన్నారనుకుని ఆ సమీకరణంలో వేస్తే 360 = 10 అని వస్తుంది. సరైనది వి = 6ప్రొ. తక్కువ ఉన్న వైపును ఆరు రెట్లు చేస్తేనే రెండు వైపులా సమానమవుతాయి.

ధరల్లోనూ ఇదే జరుగుతుంది. 'పుస్తకం ధర పెన్ను ధరకు ఆరు రెట్లు' అన్నప్పుడు ఆరును పుస్తకం పక్కన పెట్టాలనిపిస్తుంది, ఆరు రెట్లు పెద్దది అదే కాబట్టి. అలా అనిపించినప్పుడు చేయాల్సింది ఒక్కటే. పెన్ను 10 అనుకుని, పుస్తకం 60 అని మనసులో పెట్టుకుని, రాసిన సమీకరణంలో ఆ రెండు సంఖ్యలూ వేయాలి. ఐదు సెకన్ల పని.

కాబట్టి లెక్క మొదలుపెట్టేటప్పుడు 'యా = పెద్దల టికెట్' అని రాయొద్దు. 'యా = ఒక పెద్దల టికెట్ ధర' అని పూర్తిగా రాయండి. 'ఒక', 'ధర' అనే ఆ రెండు మాటలు బద్ధకించి వదిలేసినప్పుడే సగం తప్పులు పుడతాయని నా నమ్మకం.

ఇంకో మంచి కాపలా ఉంది. సమీకరణంలో ప్రతి పదమూ ఒకే జాతికి చెంది ఉండాలి. 2యా అంటే టికెట్ల సంఖ్యను ఒక టికెట్ ధరతో గుణిస్తే వచ్చిన డబ్బు. 3కా కూడా డబ్బే. కుడివైపు 480 కూడా డబ్బే. ఎక్కడైనా డబ్బుకు టికెట్ల సంఖ్యను కలుపుతున్నట్టు కనిపిస్తే, ఇక సాధించే పని పెట్టుకోవద్దు. ముందు ఆ వరుస దిద్దాలి.

సాధించడం

2యా + 3కా = 480, 4యా + కా = 660. రెండో దానిలో కా ఒక్కటే ఉంది కాబట్టి కా = 660 − 4యా. దాన్ని మొదటి దానిలో వేస్తే 2యా + 1980 − 12యా = 480. అంటే 10యా = 1500, యా = 150. అప్పుడు కా = 60. ఇది ప్రతిక్షేపణ. తొలగించే పద్ధతిలో అయితే మొదటి దాన్ని రెట్టింపు చేసి 4యా + 6కా = 960 అని రాసి, రెండో దాన్ని తీసేస్తాం. 5కా = 300 మిగులుతుంది. ఏ గుణకమైనా, అంటే అక్షరం ముందున్న సంఖ్య, 1 అయితే ప్రతిక్షేపణ హాయి, లేకపోతే తొలగింపు. అంతకు మించి ఇందులో పంతం పట్టాల్సింది ఏమీ లేదు.

సరిచూసుకోవడం గురించి మాత్రం ఒక మాట. వచ్చిన జవాబును మీరు రాసిన సమీకరణాల్లో వేస్తే కూడికల్లో తప్పులే పట్టుబడతాయి. సమీకరణమే తప్పు రాసి ఉంటే, అది అక్కడ బాగానే సరిపోయి మిమ్మల్ని మోసం చేస్తుంది. జవాబును ప్రశ్నలోని మాటల్లో వేసి చూడాలి: 'రెండు పెద్దల టికెట్లు 300, మూడు పిల్లల టికెట్లు 180, మొత్తం 480, అవును.'

ఇది ఎంత అవసరమో చెప్పే ప్రసిద్ధ ప్రశ్న ఒకటుంది. షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో ప్రచురించిన చిన్న పరీక్షలో మొదటిది అదే: బ్యాటు, బంతి కలిపి 1 డాలరు 10 సెంట్లు, బ్యాటు బంతి కంటే 1 డాలరు ఎక్కువ, బంతి ఎంత? పేరున్న విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు కూడా చాలామంది వెంటనే '10 సెంట్లు' అన్నారు. బ్యాటు ధర యా, బంతి ధర కా అనుకుని సెంట్లలో రాస్తే యా + కా = 110, యా − కా = 100. కలిపితే 2యా = 210, బ్యాటు 105, బంతి 5. పది సెంట్లు అన్నవాళ్లు ఒక్కసారి ప్రశ్నలోకి వెనక్కి వెళ్లి, 'బంతి 10 అయితే బ్యాటు 110, రెండూ కలిపి 120' అని వేసుకుని ఉంటే తప్పు అక్కడే బయటపడేది. వాళ్లకు లెక్కలు రాకపోవడం కారణం కాదు. 'ఎక్కువ' అన్న మాటను తేడాగా చదవకుండా ధరగా చదివారు.

ఒకే లెక్కకు రెండు ముఖాలు

పై టికెట్ల లెక్కలో సంఖ్యలు తెలుసు, ధరలు తెలియవు. కొన్నిసార్లు తిరగబడుతుంది. ధరలు 150, 60 అని తెలుసు, మొత్తం 100 టికెట్లు అమ్మితే 9600 వచ్చింది, ఏవి ఎన్ని? ఇప్పుడు యా అంటే పెద్దల టికెట్ల సంఖ్య, కా అంటే పిల్లల టికెట్ల సంఖ్య. యా + కా = 100 అనేది టికెట్ల వరుస. 150యా + 60కా = 9600 అనేది డబ్బు వరుస. రెండు వరుసల జాతులు వేరైనా ఫర్వాలేదు, ఏ వరుసకు ఆ వరుస ఒకే జాతిగా ఉంటే చాలు.

ఈ లెక్కను అక్షరాలు లేకుండా కూడా చేయొచ్చు, అలా చేస్తే తొలగింపు అంటే ఏమిటో బాగా అర్థమవుతుంది. వంద టికెట్లూ పిల్లలవే అనుకుందాం. అప్పుడు 6000 రావాలి. కానీ 9600 వచ్చింది, అంటే 3600 ఎక్కువ. ఒక పిల్లల టికెట్ తీసి పెద్దల టికెట్ పెడితే మొత్తం 90 పెరుగుతుంది. 3600 పెరగాలంటే 40 టికెట్లు మార్చాలి. కాబట్టి పెద్దలవి 40, పిల్లలవి 60. సమీకరణాల్లో మొదటి వరుసను 60తో గుణించి రెండో దాని నుంచి తీసేస్తే 90యా = 3600 అని వస్తుంది. ఈ రెండూ వేర్వేరు పద్ధతులు కావు. 60తో గుణించడం అంటేనే 'అన్నీ పిల్లలవే అనుకుందాం' అనడం. ఈ సంగతి తరగతిలో చెబితే సమీకరణాలంటే టెన్షన్ పడే పిల్లలు చాలామంది తేలికపడతారు. వాళ్లకు నోటిలెక్కగా ముందే తెలిసిన ఆలోచననే అక్షరాల్లో చూస్తున్నారు మరి.

మహావీరుడి పండ్ల లెక్క

9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఈ జాతి లెక్క ఒకటి ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. లెక్క ఇది: తొమ్మిది మాదీఫలాలు (నిమ్మజాతి పండ్లు), ఏడు వెలగపండ్లు కలిపి 107, ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు కలిపి 101. ఒక్కోదాని ధర ఎంత?

9యా + 7కా = 107, 7యా + 9కా = 101. మహావీరుడు చెప్పిన సూత్రం ప్రకారం పెద్ద మొత్తాన్ని పెద్ద సంఖ్యతో, చిన్న మొత్తాన్ని చిన్న సంఖ్యతో గుణించి తేడా తీయాలి: 963 − 707 = 256. దాన్ని సంఖ్యల వర్గాల తేడాతో, అంటే 81 − 49 = 32తో భాగించాలి. 8 వస్తుంది, అది మాదీఫలం ధర. వెలగపండు 5. మొదటి వరుసను 9తో, రెండో దాన్ని 7తో గుణించి తీసివేస్తే 63కా రెండిటిలోనూ ఉండి పోతుంది, 32యా = 256 మిగులుతుంది. మనం ఇప్పుడు తొలగింపు అంటున్నది అక్కడ సూత్రం రూపంలో ఉంది.

ఈ లెక్కకు ఇంకా అందమైన దారి ఉంది. సంఖ్యలు అటూ ఇటూ మారాయి కాబట్టి రెండు వరుసల్నీ ముందు కలపండి: 16యా + 16కా = 208. అంటే ఒక్కోటి చొప్పున కొంటే 13. తర్వాత తీసివేయండి: 2యా − 2కా = 6. అంటే తేడా 3. మొత్తం 13, తేడా 3. ఇక కాగితం అక్కర్లేదు. లెక్క చూడగానే గుణించడం మొదలుపెట్టకుండా ఒక్క క్షణం సంఖ్యల్ని చూస్తే ఇలాంటివి దొరుకుతాయి.

తెలియనిది ధర ఒక్కటే కానక్కర్లేదు

ప్రాచీన చైనా గణిత గ్రంథం 'తొమ్మిది అధ్యాయాలు' సుమారు రెండు వేల ఏళ్ల కిందటిది. అందులో ఒక ఉమ్మడి కొనుగోలు లెక్క ఉంది. కొందరు కలిసి ఒక వస్తువు కొంటున్నారు. తలా 8 వేసుకుంటే 3 మిగులుతుంది. తలా 7 వేసుకుంటే 4 తక్కువ పడుతుంది. ఎంతమంది, ధర ఎంత? ఇక్కడ యా మనుషుల సంఖ్య, కా ధర. 8యా = కా + 3, 7యా = కా − 4. తీసివేస్తే యా = 7 వెంటనే వస్తుంది, ధర 53. చందాలు పోగేసే ఎవరికైనా తెలిసిన పరిస్థితి ఇది. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒక్కటే: మిగిలినప్పుడు ధరకు కలపాలా, తీసేయాలా? వసూలైన డబ్బు ఒక వైపు, ధర ఒక వైపు రాసి, ఏ వైపు పెద్దదో మాటల్లో చెప్పుకుంటే గందరగోళం ఉండదు.

స్థిర ఛార్జీ ఉన్న బిల్లులూ ఈ కోవలోవే. క్యాబ్ ఎక్కితే కొంత మొత్తం, ఆపై కిలోమీటరుకు కొంత. 8 కిలోమీటర్లకు 190, 14 కిలోమీటర్లకు 280 అయిందనుకోండి. అదనంగా వెళ్లిన 6 కిలోమీటర్లకు 90 పడింది కాబట్టి కిలోమీటరుకు 15. ఎనిమిదింటికి 120 పోగా స్థిర ఛార్జీ 70. కేవలం 190ని 8తో భాగించి 'కిలోమీటరుకు 23.75' అనుకునేవాళ్లు దూరం పెరిగేకొద్దీ అంచనా తప్పుతారు. ఇరవై కిలోమీటర్లకు ఆ లెక్కన 475 కావాలి, నిజానికి 370 అవుతుంది.

డిస్కౌంట్లు ఉన్నప్పుడు ఏ సమీకరణం రాస్తే తేలికో ముందు ఆలోచించాలి. చొక్కా మీద 20 శాతం, బూట్ల మీద 10 శాతం తగ్గింపు. అసలు ధరలు కలిపి 3000, కట్టింది 2600. కట్టిన డబ్బుతో రాస్తే 0.8యా + 0.9కా = 2600. తప్పేం లేదు. కానీ తగ్గిన డబ్బుతో రాస్తే 0.2యా + 0.1కా = 400, అంటే 2యా + కా = 4000. మొదటి వరుస యా + కా = 3000ను తీసేస్తే చొక్కా 1000, బూట్లు 2000. ఇక్కడ యా, కా రెండూ అసలు ధరలు. కట్టిన ధరలకు, అసలు ధరలకు ఒకే అక్షరం వాడితే లెక్క మొత్తం పాడవుతుంది. శాతం ఎప్పుడూ 'దేని మీద' అని అడిగించుకునే మాట.

అమ్మకం కూడిక, కొనుగోలు తీసివేత

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన లెక్క కూడా 'తొమ్మిది అధ్యాయాలు'లోదే. రెండు ఆవులు, ఐదు గొర్రెలు అమ్మి పదమూడు పందులు కొంటే 1000 నాణేలు మిగిలాయి. మూడు ఆవులు, మూడు పందులు అమ్మి తొమ్మిది గొర్రెలు కొంటే సరిగ్గా సరిపోయింది. ఆరు గొర్రెలు, ఎనిమిది పందులు అమ్మి ఐదు ఆవులు కొనబోతే 600 తక్కువ పడింది.

ఒక ఆవు ధర యా, ఒక గొర్రె ధర కా, ఒక పంది ధర నీ. అమ్మినది కూడిక, కొన్నది తీసివేత అనుకుంటే వరుసలు ఇలా వస్తాయి:

2యా + 5కా − 13నీ = 1000
3యా − 9కా + 3నీ = 0
−5యా + 6కా + 8నీ = −600

రుణ సంఖ్యలు ఎందుకు పుట్టాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. చేతిలోంచి పోయిన డబ్బును, చేతికి వచ్చిన డబ్బును ఒకే వరుసలో రాయాల్సిన అవసరమే వాటిని తెచ్చింది. ఆ గ్రంథానికి 263లో వ్యాఖ్య రాసిన లియు హుయి, లెక్కలు చేయడానికి పేర్చే లెక్క పుల్లల్లో ఎర్రవి ధనానికి, నల్లవి రుణానికి వాడాలని చెప్పాడు.

రెండో వరుసను మూడుతో భాగిస్తే యా = 3కా − నీ. అంటే ఒక ఆవు విలువ, మూడు గొర్రెల విలువలోంచి ఒక పంది విలువ తీసేసినంత. దీన్ని మిగతా రెండిట్లో వేస్తే 11కా − 15నీ = 1000, −9కా + 13నీ = −600. మూడు తెలియనివి రెండయ్యాయి. మొదటిదాన్ని 13తో, రెండోదాన్ని 15తో గుణించి కలిపితే 8కా = 4000. గొర్రె 500, పంది 300, ఆవు 1200. మాటల్లో వేసి చూడండి: ఆరు గొర్రెలు 3000, ఎనిమిది పందులు 2400, మొత్తం 5400. ఐదు ఆవులకు 6000 కావాలి, 600 తక్కువ.

ఇక్కడ జరిగిందంతా ఒక్కో తెలియనిదాన్ని తప్పిస్తూ పోవడమే. వెయ్యి తెలియనివి ఉన్నా కంప్యూటర్ చేసే పని సారాంశంలో ఇదే. జర్మన్ గణితవేత్త గాస్ పేరుతో పిలుస్తున్న ఈ తొలగింపు, గాస్ పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే చైనాలో లెక్క పుల్లలతో జరిగేది.

లెక్క తేలనప్పుడు

పాఠ్యపుస్తకంలో ప్రతి లెక్కకూ ఒక జవాబు ఉంటుంది. నిజమైన బిల్లులకు ఆ హామీ లేదు.

ఒక్కోసారి సమాచారమే చాలదు. 5వ శతాబ్దపు చైనా గణితవేత్త ఝాంగ్ చియుజియాన్ అడిగిన వంద కోళ్ల లెక్క అలాంటిదే: పుంజు 5, పెట్ట 3, మూడు కోడిపిల్లలు కలిపి 1, వంద నాణేలకు వంద కోళ్లు కావాలి. తెలియనివి మూడు, వరుసలు రెండు. పిల్లల్ని తొలగిస్తే 7యా + 4కా = 100 మిగులుతుంది, యా పుంజుల సంఖ్య, కా పెట్టల సంఖ్య. కోళ్లను ముక్కలుగా కొనలేం కాబట్టి పూర్ణ సంఖ్యలే పనికొస్తాయి. మూడు రకాలూ ఉండాలంటే పుంజులు 4, పెట్టలు 18, పిల్లలు 78. లేదా 8, 11, 81. లేదా 12, 4, 84. పుంజులు వద్దంటే 25 పెట్టలు, 75 పిల్లలు. సమీకరణాలు చాలకపోయినా, పూర్ణ సంఖ్యలన్న షరతు నాలుగు దారులే మిగిల్చింది.

ఒక్కోసారి రెండు బిల్లులున్నా ఒకటే సమాచారం ఉంటుంది. 2యా + 3కా = 480 తెలిసినవారికి 4యా + 6కా = 960 కొత్తగా ఏమీ చెప్పదు. గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పరస్పరాధారిత సమీకరణాలు అంటారు వీటిని. టికెట్ల సంఖ్యలు ఒకే నిష్పత్తిలో ఉన్న బిల్లులు ఎన్ని తెచ్చినా విడి ధర తేలదు.

మరి రెండో బిల్లు 4యా + 6కా = 900 అని ఉంటే? గీతలు సమాంతరం, జవాబు లేదు. పరీక్షలో 'అసంగతం' అని రాసి ముందుకు పోతాం. బయట మాత్రం ఆ మాటతో ఆగకూడదు, ఎందుకంటే ఇక్కడే సమీకరణం అత్యంత ఉపయోగకరమైన విషయం చెబుతోంది. రెండింతలు కొన్నవారు రెండింతలు కట్టలేదు. కాబట్టి 'ఒక టికెట్ ధర అందరికీ ఒకటే, ఎన్ని కొన్నా ఒకటే' అని మనం చెప్పకుండానే అనుకున్న మాట నిజం కాదు. ఎక్కువ కొంటే తగ్గింపు ఉండొచ్చు, రోజును బట్టి ధర మారి ఉండొచ్చు, ఎవరో బిల్లు తప్పు వేసి ఉండొచ్చు. రేఖీయ సమీకరణం రాసిన ప్రతిసారీ ఆ ఊహను మనం ఒప్పుకుంటున్నాం.

అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది, ఎక్కువ ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. జవాబు ఉంటుంది, కానీ నమ్మదగ్గది కాదు. 9యా + 10కా = 850, 10యా + 11కా = 940 అనుకోండి. జవాబు యా = 50, కా = 40. ఇప్పుడు రెండో బిల్లు రాయడంలో పొరపాటు వల్ల 940 బదులు 941 వచ్చిందనుకుందాం. ఒక్క అంకె తేడా. మళ్లీ సాధిస్తే యా = 60, కా = 31! మొత్తంలో ఒకటి మారితే ధరలు పది, తొమ్మిది చొప్పున మారిపోయాయి. కారణం గుణకాల్లో ఉంది. 9, 10 నిష్పత్తి, 10, 11 నిష్పత్తి దాదాపు ఒకటే కాబట్టి గీతలు దాదాపు సమాంతరంగా సాగుతాయి. అలాంటి గీత ఒకటి రవ్వంత జరిగినా అవి కలిసే చోటు చాలా దూరం జరుగుతుంది. అదే బిల్లులు 9యా + 2కా = 530, 2యా + 9కా = 460 రూపంలో ఉంటే, 460 బదులు 461 వేసినా యా 0.03, కా 0.12 మాత్రమే కదులుతాయి. కాబట్టి విడి ధరలు తేల్చుకోవడానికి మీరే బిల్లులు ఎంచుకునే వీలుంటే, ఒకదానిలో ఒక వస్తువు ఎక్కువగా, రెండో దానిలో రెండోది ఎక్కువగా ఉన్నవి ఎంచుకోండి.

మూడో బిల్లు దొరికితే దాన్ని అదనమని పక్కన పెట్టొద్దు. మన దగ్గర 9యా + 10కా = 850, 10యా + 11కా = 941 ఉన్నాయి, 9యా + 2కా = 530 కొత్తగా వచ్చింది. మొదటిది, మూడోది కలిపి సాధిస్తే యా సరిగ్గా 50, కా సరిగ్గా 40. రెండోది, మూడోది కలిపి సాధిస్తే యా 49.97, కా 40.11. మొదటి రెండూ కలిపి చెప్పిన 60, 31 మూడో బిల్లులో వేస్తే 530 బదులు 602 వస్తుంది. ధరలు 50, 40 దగ్గరే ఉన్నాయి. మళ్లీ తెరిచి చూడాల్సింది 941 అని రాసి ఉన్న రెండో బిల్లు.